మందుల కిటికీ

"గోదారిల పోసొస్త. ఒక్కసారే పీడ పోతది," అన్నాడు సవరయ్య.

వరండాలో యూరియా సంచి సగం నిండింది. తెల్లవారినప్పటి నుంచి ఆయన బీరువాలోని మందులన్నీ అందులో వేస్తూనే ఉన్నాడు. జ్వరం గోలీలు, దగ్గు సీసాలు, దెబ్బలకు పూసే మందు, గాజుగుడ్డ చుట్టలు. ఏదీ విసరలేదు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, మీద పేరు చదివి, మెల్లగా జారవిడిచాడు. ఆ మెల్లదనమే అంతోనమ్మను ఎక్కువ భయపెట్టింది.

"ఏందయ్యా ఇది? ఆదివారం, పూజకు టైమైతుంది. నువ్వు రాకుంటే ఫాదర్ అడుగుతడు."

"అడిగితే చెప్పు. సవరయ్య మనుషులకు విషం పెట్టిండట, గుడికి రానీకి మొఖం చెల్లలేదట అని చెప్పు."

"విషం అని ఎవరన్నరు నిన్ను?"

ఆయన భార్యను దాటి లోపలి గుమ్మం వైపు చూశాడు. అక్కడ కూతురు స్తుతి నిలబడి ఉంది. రాత్రి ఏడ్చిన కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

"నేను ఆ మాట అనలే నాన్నా."

"అనలే. రాసినవు."

స్తుతి తల దించుకుంది. నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి, తన ఫైలు టీవీ బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తండ్రి కళ్ళద్దాలు పెట్టుకుని అందులోని కాగితం చదువుతున్నాడు. ఇంగ్లీషు ఆయనకు బడిలో రాలేదు, మందు సీసాల మీద వచ్చింది. మెల్లగా చదువుతాడు గాని ఒక్క అక్షరం వదలడు. రోగికి ఈ గోలీలు ఎవరిచ్చారు అన్న గడిలో స్తుతి రాసిన రెండు ముక్కలూ ఆయన వదల్లేదు. అన్‌క్వాలిఫైడ్ ప్రాక్టీషనర్. అర్హత లేకుండా వైద్యం చేసేవాడు.

"నీ పేరు రాయలే నాన్నా," అంది స్తుతి.

"పేరు రాస్తె బాగుండు. సవరయ్య అని ఉండేది. అది రాయబుద్ధి కాలే, గిది రాయబుద్ధయింది."

"అబ్బ, ఇగ ఆపుండ్రి ఇద్దరూ," అంది అంతోనమ్మ.

ఇద్దరూ ఆపారు. రోడ్డు మీద చర్ల పోయే బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది.

అప్పుడే గేటు దగ్గర గంగక్క కనిపించింది. పక్క వాడకట్టు మనిషి. చేతిలో ఖాళీ సీసా ఉంది.

"అన్నా, మా ఇంటాయనకు మళ్ళ దగ్గు లేచింది. కొంచెం మందు పొయ్యవా?"

సవరయ్య సంచి మూతి ముడి వేస్తూ తలెత్తలేదు. "ఇక్కడ మందుల్లేవు గంగక్కా. చదువుకున్న పిల్ల ఉంది. ఆమెనడుగు."

గంగక్క ఒకసారి సంచివైపు, ఒకసారి స్తుతివైపు చూసింది. ఏదో జరిగిందని అర్థమైంది. "మళ్ళొస్తలే అన్నా," అని వెనక్కి తిరిగింది. సవరయ్య గుమ్మం నుంచి ఒక మనిషి ఖాళీ సీసాతో తిరిగిపోవడం స్తుతి పుట్టిన తర్వాత చూడలేదు. అంతోనమ్మ పెళ్ళయి వచ్చాక కూడా చూడలేదు.

"ఆమేం చేసింది నిన్ను?" అంది అంతోనమ్మ.

సవరయ్య సంచి మీదే కూర్చున్నాడు.

* * *

స్తుతి ఖమ్మం కాలేజీలో ఫార్మ్ డి అనే మందుల కోర్సు చదువుతోంది. ఆరేళ్ళ చదువులో ఇది చివరి ఏడు. ఈ ఏడంతా క్లాసులుండవు, ఆసుపత్రే. కొన్ని నెలలకొక విభాగం చొప్పున మారుతూ డాక్టర్ల వెంట రౌండ్లు తిరగాలి. ప్రతి రోగి ఏయే మందులు మింగుతున్నాడో అడిగి రాసుకోవాలి. ఒకదానికొకటి పడనివి ఉంటే చెప్పాలి. వారానికొక కేసు అందరి ముందు నిలబడి వివరించాలి.

ఈసారి పోస్టింగు భద్రాచలంలో పడిందని తెలిసిన రోజు అంతోనమ్మ ఇంట్లో అరిసెలు వండింది. ఐదేళ్ళు హాస్టల్లో ఉన్న పిల్ల ఇంటి నుంచి బస్సులో డ్యూటీకి పోయి వస్తుంది. సవరయ్య మొదటి రోజు పొద్దున్నే లేచి కూతురి తెల్ల ఏప్రాన్ తానే ఇస్త్రీ చేశాడు. కాలరు దగ్గర రెండుసార్లు రుద్దాడు. బస్సు దాకా వచ్చి, ఎక్కాక కిటికీ దగ్గరికొచ్చి, "పెన్ను పెట్టుకున్నవా?" అని అడిగాడు.

అది మూడు వారాల కిందటి మాట.

మొన్న శుక్రవారం ఆడవాళ్ళ వార్డులో పద్నాలుగో మంచం మీదికి చిన్నక్క వచ్చింది. రేగులగుంపు అనే కోయగూడెం మనిషి, అరవై దాటాయి. నాలుగు రోజులు వాంతులు, విరేచనాలు అయ్యాయట. తర్వాత మూత్రం తగ్గిపోయిందట. ముఖం పొంగింది. ఒంట్లో నీరు చేరి, కాలు మీద వేలితో నొక్కితే పడిన గుంట పూడడం లేదు. రక్తం పరీక్షలో కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది.

శనివారం స్తుతి ఆమె మందుల సంచి మంచం మీద కుమ్మరించి చూసింది. ఏడాదిగా మెడికల్ క్యాంపులో ఇస్తున్న బీపీ గోలీలు, ఒంట్లో నీరు తీసే గోలీలు ఉన్నాయి. వాటి కింద పేపరు పొట్లాలు. పొట్లంలో మోకాళ్ళ నొప్పి గోలీలు.

ఈ మూడూ కలిపి రోజూ మింగే మనిషికి వాంతులు విరేచనాలు పట్టుకుంటే కిడ్నీలు తట్టుకోలేవు. పుస్తకంలో చదివిన ముక్కే కళ్ళముందుంది. కాని స్తుతి చూస్తున్నది గోలీలను కాదు, పొట్లాన్ని. పేపరును మూడు మడతలు వేసి, రెండు చెవులూ లోపలికి దోపి, పైన బొటనవేలితో ఒక నొక్కు. ఈ జిల్లాలో అట్లా పొట్లం కట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆరేళ్ళప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని తనూ కట్టడం నేర్చుకుంది.

"ఇవి ఎవరిచ్చిండ్రు అవ్వా?" అని అడిగింది.

చిన్నక్క ఆ తెల్ల ఏప్రాన్‌నీ, మాస్కునూ అనుమానంగా చూసింది. "కొన్నా."

"ఎక్కడ కొన్నవు?"

"అంగట్ల."

"ఏ అంగడి అవ్వా?"

"యాదికి లేదు." గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి అటు తిరిగే అంది. "ఆయన పేరు చెప్తే పట్టకపోతరు మీరు. మంచోడు. నేను చెప్ప."

చిన్నక్క తనను గుర్తుపట్టలేదని స్తుతికి అర్థమైంది. మాస్కు తీసి, నేను సవరయ్య బిడ్డనే అవ్వా అని చెప్పడానికి నోరు రాలేదు. గడిలో రెండు ముక్కలు రాసి అక్కడి నుంచి కదిలింది.

* * *

"నీకు ఎనిమిదో నెలల విరేచనాలు పట్టుకున్నప్పుడు ఎవడు చూసిండు? ఈ అన్‌క్వాలిఫైడే," అన్నాడు సవరయ్య, సంచి మీద కూర్చునే. "రేగులగుంపుల వాంతులు భేదులు లేచినప్పుడు వాగు దాటిపోయి మూడు దినాలు అక్కడనే పన్నది ఎవడు? అప్పుడు ఏ డాక్టరొచ్చిండు? చిన్నక్క కొడుకును ఈ చేతులతోని బతికించిన. ఉప్పు, చక్కెర నీళ్ళు చెంచాతోని పోసిన, తెల్లారేదాక."

"ఎవరు కాదన్నరు నాన్నా?"

"నీ కాగితం కాదంటుంది."

స్తుతి వచ్చి ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. చిన్నప్పుడు డిస్పెన్సరీలో కూర్చున్నట్టే, మోకాళ్ళు ముడుచుకుని.

చర్చి సిస్టర్ల డిస్పెన్సరీ మూతపడి పన్నెండేళ్ళయింది. కేరళ నుంచి వచ్చిన సిస్టర్ క్లారా దాన్ని నడిపేది. సవరయ్య అందులో కాంపౌండరు. పద్దెనిమిదేళ్ళప్పుడు తోట పనికి చేరితే, చేతివేళ్ళు శుభ్రంగా ఉన్నాయని ఆమె లోపలికి పిలిచి మందులు కలపడం నేర్పింది. పచ్చరంగు వేసిన కిటికీ వెనక ఆయన నిలబడేవాడు. బయట వేపచెట్టు కింద వరుస. జనం ఇంటి నుంచి సీసాలు తెచ్చుకునేవాళ్ళు. కాగితం పట్టీని మూడు గాట్లు కత్తిరించి సీసాకు అంటించి, పూటకు ఒక గాటు తాగమనేవాడు. వాము, ఇంగువ కలిసిన కడుపునొప్పి మందు వాసన ఇంటికొచ్చినా ఆయన చొక్కాను వదిలేది కాదు. బడి లేని రోజు స్తుతి ఆ కిటికీ కింద స్టూలు మీద కూర్చుని, నీలం పళ్ళెంలో గోలీలు ఐదేసి చొప్పున లెక్కపెట్టేది. తప్పు లెక్కపెడితే ఆయన తిట్టేవాడు కాదు, పళ్ళెం కుదిపి మళ్ళీ మొదటి నుంచి పెట్టమనేవాడు.

"కిటికీ కాడ నువ్వు ప్రతి మనిషిని ఒక మాట అడుగుతుంటివి. గుర్తుందా నాన్నా?"

ఆయన సంచి ముడిని వేళ్ళతో తిప్పాడు.

"సిస్టరు గూడ అడిగేది. 'వేరే మంది ఏమైనా తిన్నావా?' అని. మంది కాదు సిస్టర్, మందు అని నువ్వు నవ్వుతుంటివి."

అంతోనమ్మ ముఖంలో చిన్న నవ్వు వచ్చి పోయింది. ఆ సిస్టర్ తెలుగు అందరికీ గుర్తే.

"ఎంత రద్దీ ఉన్నా అడుగుతుంటివి. ఇంకేమన్న మింగుతున్నవా, ఇంకెవరన్న ఇచ్చిండ్రా, ఆకు మందు ఏమన్న తాగినవా. వాళ్ళు లేదన్నా మళ్ళ ఒకసారి అడిగినాకనే పొట్లం చేతుల పెడుతుంటివి. ఇప్పుడు వార్డుల నాకు ఇచ్చే ఫారం ఉంది గదా, నాలుగు పేజీలు. అండ్ల మొదటి ప్రశ్న అదే నాన్నా. మా క్లాసుల అందరు బట్టీ పట్టిండ్రు. నేను పట్టలే. నాకు ఆరేండ్లప్పుడే వచ్చు."

స్తుతి ఆగింది. తర్వాతి మాట అనాలా వద్దా అని ఒక్క క్షణం చూసింది.

"చిన్నక్కను అడిగినవా?"

సవరయ్య చేతులు సంచి అంచును పట్టుకున్నాయి. గుడిలో పూజ మొదలైనట్టుంది, మైకులో పాట గాలివాటుకు వచ్చి పోతోంది.

"చిన్నక్క పాణం మంచిగనే ఉంటదనుకున్న," అన్నాడు చివరికి. "ఏండ్ల సంది తెలిసిన మనిషి. గోలీలయిపోయినయి సవరన్నా అంటది, ఇస్త. ఎప్పుడు ఆపేసిన్నో అడుగుడు... నాకే తెల్వదు."

లేచి లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. పూజకే అనుకుంది అంతోనమ్మ. ఆయన చెప్పులు తొడుక్కుని రోడ్డు వైపు కాకుండా కూతురి వైపు తిరిగాడు.

"ఏ వార్డు?"

"నాన్నా..."

"ఏ వార్డన్న?"

"నేనొస్త పద," అంది స్తుతి.

* * *

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. మిర్చి ఏరే రోజులు. కల్లాల మీద ఎర్రటి పట్టాలు పరిచినట్టు కాయలు ఎండుతున్నాయి. జామాయిల్ తోటలు దాటాక పాత డిస్పెన్సరీ వచ్చింది. ఇప్పుడది ఎరువుల గోడౌను. గోడకు కొత్త సున్నం వేశారు గాని కిటికీ రెక్కల పచ్చరంగు అట్లాగే ఉంచారు. వేపచెట్టు కింద ట్రాక్టరు నిలిపి ఉంది.

సవరయ్య అటు చూడడేమో అనుకుంది స్తుతి. చూశాడు. బస్సు మలుపు తిరిగేదాకా మెడ తిప్పి చూశాడు.

"సిస్టరు పోయేటప్పుడు నాకు తాళంచెవి ఇచ్చి పోయింది, ఎరికేనా?" అన్నాడు.

"లేదు. ఎప్పుడు చెప్పలే."

"నెల దినాలు రోజు పోయి తీసి, ఊడ్చి, కిటికీ తెరిచి కూసుంటుంటి. మందుల్లేవు. అయినా జనం వస్తుంటిరి. నొప్పి చెప్పుకుని పోతుంటిరి. కొందరు ఉత్తగనే కూసుని పోతుంటిరి." గాలికి కళ్ళు చిట్లించాడు. "తర్వాత గోడౌనోళ్ళొచ్చి తాళం మార్చిండ్రు. నేను ఇంట్ల బీరువా పెట్టుకున్న. కార్డులు, రిజిస్టర్లు అన్నీ సిస్టర్లు పట్టకపోయిరి. నాకు తలకాయల ఉన్నదే మిగిలింది. అండ్లకెళ్ళి గూడ పోతున్నట్టున్నది."

స్తుతి ఆయన చేతిమీద చెయ్యి వేసింది. ఆయన తీయలేదు.

వార్డులో ఆదివారం రద్దీ తక్కువ. పద్నాలుగో మంచం దగ్గరికి రాగానే చిన్నక్క లేచి కూర్చోబోయింది. ముఖం వాపు నిన్నటికంటే దిగింది. కళ్ళు విప్పార్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"సవరన్నా, ఎందుకొచ్చినవ్? పో, పో. ఇక్కడ ఒక పిల్ల ఉంది, తెల్ల కోటుది. ఎవరిచ్చిండ్రు అని ఒకటే అడుగుడు. నేను చెప్పలే. నువ్వు పో."

స్తుతి ఈరోజు ఏప్రాన్ వేసుకోలేదు, మాస్కు లేదు. చిన్నక్క ఆమెను అప్పుడు చూసింది. చూసి, సవరయ్యను చూసి, మళ్ళీ చూసింది.

"ఇది... పళ్ళెం పిల్ల గదా! గోలీలు లెక్కపెట్టే పిల్ల!"

"అవ్ అవ్వా," అంది స్తుతి. "ఆ తెల్ల కోటు పిల్లను నేనే."

చిన్నక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నవ్వింది, పళ్ళు లేని చోట్లన్నీ కనిపించేలా. "ఇంత పెద్దగైనవా! నీకు జీడిగింజలు తెచ్చేదాన్ని గుర్తుందా? వేయించి, ఆకుల చుట్టి." అంతలోనే కోపం వచ్చింది. "మరి నాకెందుకు చెప్పలే నిన్న?"

సవరయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "చిన్నక్కా, బీపీ గోలీలు మింగుతున్నట్టు నాకు చెప్పలేదు నువ్వు."

"నువ్వు అడగలే."

అందులో నింద లేదు. ఉన్న మాట చెప్పిందంతే. సవరయ్య తల పంకించాడు. పంకిస్తూనే ఉన్నాడు.

"అవ్. నేను అడగలే," అన్నాడు.

అంతలో వార్డు తలుపు దగ్గర మధులత కనిపించింది. స్తుతికి పాఠం చెప్పే క్లినికల్ ఫార్మసిస్టు. మణుగూరు కాలనీలో పెరిగిన మనిషి. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. క్వార్టర్సు పక్కనే కావడంతో సెలవు రోజు కూడా ఒకసారి చార్టులు చూసిపోతుంది. స్తుతిని చూసి ఆశ్చర్యపోయింది.

"ఏంటి స్తుతీ, ఈరోజు నీకు ఆఫ్ కదా?"

స్తుతి నోరు తెరిచేలోపు సవరయ్య లేచి నిలబడ్డాడు. చొక్కా కింది అంచు లాగి సర్దుకున్నాడు, సిస్టర్ ముందు నిలబడినట్టు.

"మేడమ్, ఈమెకు మోకాళ్ళ గోలీలు ఇచ్చింది నేనే. నాకు సర్టిఫికెట్ లేదు. నేను ఈ పిల్ల తండ్రిని. పిల్ల తప్పేం లేదు. పేరు రాయలేదని ఆమెను ఏమనకుండ్రి. నన్నేం చేస్తరో చెయ్యుండ్రి."

మధులత ఆయన్ను చూసింది, స్తుతిని చూసింది. మంచం చివరనున్న చార్టు తీసుకుని తిప్పింది. ఆ కాగితాల చప్పుడు స్తుతికి చాలాసేపు వినిపించింది.

"కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ దిగుతోంది. మూత్రం వస్తోంది," అంది చివరికి. "ఆమె బయటపడుతుందనే అనుకుంటున్నా. ఇంకా చెప్పలేం గాని, అనుకుంటున్నా."

సవరయ్య కళ్ళు మూసుకుని ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

"మా నాయిన బొగ్గుబాయిల చేసిండు," అంది మధులత. ఆసుపత్రి తెలుగు పోయి ఇంటి తెలుగు వచ్చింది. "నడుంనొప్పికి ఇవే గోలీలు జేబుల పెట్టుకుని తిరుగుతుండె. ఎవరూ అడగలే. నేను అప్పటికే ఈ చదువు చదువుతున్న. నేను గూడ అడగలే."

తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. చార్టు తిరిగి తగిలించింది.

"ఈ గోలీలు ఇంకెంతమందికి ఇస్తున్నారు?"

సవరయ్య ఆలోచించాడు. "పదహారు మందికి. కాదు, పద్దెనిమిది."

"వాళ్ళు క్యాంపుల ఏమేం తీస్కుంటున్నరో తెలుసా?"

"తెల్వదు."

"పేర్లు రాసిండ్రా ఎక్కడన్నా?"

"తలకాయలనే ఉన్నయి."

"ఈరోజే కాగితం మీద పెట్టండి," అంది మధులత. "ఊరూ, పేరూ. స్తుతీ, రేపటి కేసు నువ్వే చెప్పాలి. ఎవరిచ్చారన్న గడి కొట్టెయ్. ఎట్లా జరిగిందో మొత్తం చెప్పు. సూపరింటెండెంటు గారు ఉంటారు, అడుగుతారు. ఏం చెప్తావో మీ ఇద్దరూ మాట్లాడుకోండి. నేను అబద్ధం మాత్రం చెప్పను."

"మేము గూడ చెప్పం మేడమ్," అన్నాడు సవరయ్య.

* * *

ఇల్లు చేరేసరికి నాలుగైంది. అంతోనమ్మ చెల్లెలు సరళ వచ్చి, చర్చి దగ్గర పంచిన రొట్టె ఇచ్చి, వరండాలోని సంచిని చూసి వెళ్ళిందట. సంచి కదల్లేదు. తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి లోపలికి లాగారు. మిగిలిపోయిన మందులు మధులతకే అప్పగించాలని, ఆమె పద్ధతి ప్రకారం పారేయిస్తుందని బస్సులోనే అనుకున్నారు.

గంగక్క ఇంటికి స్తుతే వెళ్ళి, రేపు ఆమె భర్తను తనతోపాటు బస్సులో తీసుకుపోతానని చెప్పి వచ్చింది. దగ్గు ఎన్నాళ్ళుగా ఉంది, ఇంకేమన్నా వాడుతున్నాడా అని గడపలోనే నిలబడి అడిగింది. స్తుతి తిరిగొచ్చేసరికి సవరయ్య నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు రాయి. నేను చెప్త. నీ రాత బాగుంటది," అన్నాడు.

ఒక్కొక్క గుంపూ, ఒక్కొక్క గూడెం నడుచుకుంటూ పోతున్నట్టు చెప్పాడు. వాగు ఇవతల ఇద్దరు. అవతల ఐదుగురు. తండాలో బిచ్యా, మిర్చి తోటలో వంగి వంగి నడుం పట్టేసింది, ఏడాదిగా ఇస్తున్నా. ఎల్లస్వామి మేస్త్రీ, భుజం. శ్యామల, అంగన్‌వాడీలో వంట చేసే అమ్మాయి తల్లి, రెండు మోకాళ్ళూ. ఒక్కొక్క పేరుతో ఒక కథ వచ్చేది. ఫలానా ఆమె మొదటి కాన్పుకు సిస్టరు వాన్‌లో పోయిన సంగతి, ఫలానా ఆయన తేనె తట్టెతో వచ్చి కిటికీ దగ్గర పెట్టి చెప్పకుండా పోయిన సంగతి. స్తుతి రాస్తూ రాస్తూ పెన్ను ఆపి వినేది. కొన్నిచోట్ల ఇద్దరూ నవ్వారు. నిన్నటి నుంచి ఆ ఇంట్లో నవ్వు వినపడ్డం అదే మొదటిసారి.

"రేపు కేసు అయినాక, మంగళవారం నుంచి ఒక్కొక్క గుంపుకు పోదాం నాన్నా. నాకు సాయంత్రాలు ఖాళీనే."

"నేను ఒక్కణ్ణే పోత. నీకు డ్యూటీ ఉంటది."

"నువ్వు అడుగు, నేను రాస్త."

ఆయన కాసేపు కూతుర్నే చూశాడు. "సరే," అన్నాడు.

"ఎంతమందయిండ్రు?"

స్తుతి వేలితో లెక్కపెట్టింది. "పద్దెనిమిది. సరిపోయింది."

"పంతొమ్మిది," అంది అంతోనమ్మ.

వంటింటి గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది ఆమె. తలెత్తలేదు. గింజ తీసి చాటలో వేసి, ఇంకొకటి అందుకుంది.

"ఎవరు?" అన్నాడు సవరయ్య. "ఎవర్ని మర్చిన?"

"నన్ను రాయి బిడ్డా."

సవరయ్యకు అర్థం కాలేదు. "నీకు నేనెప్పుడిచ్చిన?"

"నువ్వియ్యలే. నేనే తీస్కున్న. బీరువాకెళ్ళి. పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి." గొంతు మామూలుగానే ఉంది, కూర గురించి చెప్పినట్టు. "మోకాళ్ళు పట్టేసినయి అంటే నువ్వు పని ఆపుమంటవు. పని ఆపితే ఎట్ల?"

"ఎప్పటి సంది?"

"పిల్ల కాలేజీల నాలుగో ఏడుకొచ్చినప్పటి సంది."

స్తుతి పెన్ను కింద పెట్టింది. ఆ ప్రశ్న అడగడానికి ఆరేళ్ళప్పటి నుంచి వచ్చిన మాటలు ఇప్పుడు దొరకలేదు. ఎట్లాగో కూడదీసుకుంది.

"అమ్మా... ఇంకేమన్న మింగుతున్నవా?"

అంతోనమ్మ చేతులు ఆగిపోయాయి.

"కిందటి వానాకాలం ఆశా వర్కరు అమ్మాయి బీపీ చూసింది. ఎక్కువుందని గోలీలిచ్చింది. నీకు పరీక్షలు అప్పుడు. మీ నాయినకు చెప్తే ఆగమైతడు. ఎందుకులే అని బియ్యం డబ్బాల పెట్టుకున్న."

సవరయ్య గోడ పట్టుకుని లేచాడు. లేచాడు గాని అడుగు వేయలేదు.

స్తుతి గడప దగ్గరికి వెళ్ళి తల్లి ముందు కూర్చుంది. చీర అంచు పక్కకు జరిపింది. పాదాలు నున్నగా, నిండుగా ఉన్నాయి. తల్లికి ఒళ్ళు వచ్చిందనే అనుకుంటోంది ఇన్నాళ్ళూ.

"రేపు నువ్వేందో అందరి ముందు చెప్పేది ఉంది గదా," అంటోంది అంతోనమ్మ. "అది కానీ ముందు. తర్వాత చూసుకుందాం నాది."

స్తుతి చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి, అయిదు లెక్కపెట్టి, వేలు తీసింది.

గుంట అట్లాగే ఉంది.